తాళపుచెవి ఎవరి చేతిలో?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, ఆక్స్‌ఫర్డ్ ఉన్నత పాఠశాలలో, 2021 నవంబరు 30వ తేదీన 15 ఏండ్ల బాలుడొకడు తుపాకి కాల్చి నలుగురు తోటి విద్యార్థులను చంపెను. ఆ తుపాకి అంతకు నాలుగు దినములకు ముందు తండ్రి కొని తెచ్చినది. ఆ ఉదయముననే బాలుడు గీసిన బొమ్మలను చూచి కలతపడి పాఠశాలవారు తల్లిదండ్రులను పిలిపించిరి. వారు బిడ్డను ఇంటికి తీసికొనిపోలేదు. తుపాకి మాట చెప్పలేదు. పాఠశాలవారును అతని సంచి వెదకలేదు.

2024లో న్యాయస్థానము ఆ తల్లిదండ్రులిరువురికిని 10 నుండి 15 సంవత్సరముల కారాగారశిక్ష విధించినది. కొడుకు నేరమునకు కన్నవారిని శిక్షింపవచ్చునా యని కొందరు ప్రశ్నింతురు. కొడుకు నేరమునకు కొడుకునకే యావజ్జీవశిక్ష పడినది. కన్నవారు శిక్ష పొందినది తమ అజాగ్రత్తకు. బుట్ట మూత తీసి యుంచినవాడు, కరచినది పామే గదా యని తప్పించుకొనజాలడు.

మందుసీసాను పసివారికి అందకుండ దాచు గృహస్థునకు ఆయుధమును దాచుట తెలియని విద్య కాదు. గుండ్లు తీసి వేరొకచోట నుంచి, తుపాకిని పెట్టెలో పెట్టి, తాళపుచెవిని తన యొద్దనే ఉంచుకొనవలెను. పిల్లలున్న యింట తుపాకికి తాళము వేయవలెనను చట్టము మిషిగనులో 2024 ఫిబ్రవరిలో అమలునకు వచ్చినది. నలుగురు బిడ్డలకు అది అందలేదు. తాళము వేయుటకు చట్టము వచ్చువరకు ఆగ నక్కరలేదు.

తుపాకులు సులభముగా దొరకు దేశమున, బిడ్డ మనస్సు చెదరినదని గ్రహించిన ఉపాధ్యాయుడు మొదట అడుగవలసినది ఒక్కటే: “మీ యింట ఆయుధమున్నదా?” అడుగకమునుపే చెప్పుట తల్లిదండ్రుల ధర్మము.