ఆటిజం బిడ్డల తల్లిదండ్రులకు తోడెవరు?



గర్భిణీ స్త్రీలు పారాసిటమాల్ బిళ్లలు వేసుకుంటే బిడ్డలకు ఆటిజం వచ్చే ప్రమాదం హెచ్చుతుందని 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షులు ట్రంపుగారు ప్రకటించారు. అందుకు నిర్ధారణ అయిన శాస్త్రీయ సాక్ష్యం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆ వెంటనే తెలియజేశారు. అయితేనేమి, మొదటి మాట ఊరూరా పాకింది, రెండవది పాకలేదు. మా కావేరిపాక్కంలో అటువంటి బిడ్డను కన్న ఒక ఇల్లాలిని పొరుగువారు, "కడుపుతో ఉన్నప్పుడు ఎన్ని బిళ్లలు మింగావమ్మా?" అని అడిగారట.

తల్లిని తప్పుపట్టడం కొత్త సంగతి కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు ఈ స్థితిని వివరించారు. తర్వాత కొన్నేండ్లకు, కన్నవారు ప్రేమ చూపనందువల్లనే బిడ్డ ఇట్లా ముడుచుకుపోతాడనే వాదం బయలుదేరింది. బ్రూనో బెటల్‌హైమ్ వంటివారు దానిని ప్రచారం చేశారు. తానే అటువంటి బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో గ్రంథం వ్రాసి దానిని ఖండించారు. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా అనీ, ఇందులో వంశానుగతమైన కారణాలకు పెద్ద పాలు ఉన్నదనీ నేటి వైద్యులు చెబుతున్నారు. మన ఇండ్లలో మాత్రం పూర్వజన్మ పాపమనీ, గ్రహణంనాడు బయటికి వచ్చిందనీ అంటూనే ఉన్నారు. మాట వేరైనా నింద ఒక్కటే.

ఆ ఇండ్ల దినచర్య చూచినవారికి నింద వేయడానికి నోరు రాదు. బిడ్డ రాత్రిళ్లు నిద్రపోడు. ఆకలి వేసినా చెప్పలేడు. పెండ్లికి తీసుకుపోతే మేళం మోతకు చెవులు మూసుకొని కేకలు వేస్తాడు. నలుగురూ తిరిగి చూస్తారు. మరుసటి పెండ్లికి ఆ దంపతులు రారు. ఆపైన పిలుపే రాదు. ఇతర లోపాలున్న బిడ్డల తల్లిదండ్రులకంటె వీరి మనోభారం హెచ్చనీ, అయినవారి చేయూత ఉన్నచోట అది తగ్గుతుందనీ పరిశోధకులు ఎన్నో దేశాలలో గమనించారు.

మన తెలుగువారికి ఇందులో మరొక చిక్కు ఉన్నది. తరతరాలుగా ఈ సీమలో ఉన్న మనకు ఇంట తెలుగు, బడిలోనూ బజారులోనూ తమిళం. మా బంధువుల పిల్లవానికి మాట రాకపోతే, "రెండు భాషలతో తికమక పడుతున్నాడు, తెలుగు మానేయండి" అని ఎవరో సలహా చెప్పారు. నాటినుండి ఇంట్లో అవ్వ నోరు కట్టివేసినట్లయింది. అంతవరకు సాయంకాలం రెండు గంటలు వానిని ఒడిలో కూర్చోబెట్టుకొని కబుర్లు చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. తల్లికి ఆ రెండు గంటల విశ్రాంతి కూడా పోయింది. రెండు భాషల ఇండ్లలోని ఆటిజం బిడ్డలకు అందువల్ల మాట మరింత ఆలస్యం కాదని పరిశోధనలు చెబుతున్నవి. కనుక ఇట్టి సలహాకు ఆధారం లేదు. ఉన్న తోడును ఊడదీయడమే దాని ఫలితం.

సహాయం బొత్తిగా లేదని నేననను. వేలూరు సి.ఎం.సి. వారు బాగాయంలో నడుపుతున్న నంబిక్కై నిలయంలో బిడ్డతోపాటు కన్నవారికీ శిక్షణ ఇస్తారు. బుద్ధిమాంద్యం గల బిడ్డల తల్లిదండ్రులను పది వారాలు కూటములుగా చేర్చి మాట్లాడించగా, బిడ్డపట్ల వారి దృక్పథం మెరుగుపడినదని వేలూరు వైద్యులు 1999లోనే ప్రకటించారు. ఢిల్లీలో 1991లో మెర్రీ బరువా అనే తల్లి ప్రారంభించిన సంస్థ నేడు దేశమంతటా పేరుపొందింది. కాని కావేరిపాక్కంనుండి వాలాజా, ఆర్కాడు మీదుగా వేలూరు పోయి వస్తే ఒక దినం గడుస్తుంది. గుడియాత్తంలో మగ్గం నేసే తండ్రికి, బీడీలు చుట్టే తల్లికి ఆ దినం కూలి పోయినట్లే.

నేను ఉద్యోగకాలంలో పింఛను కాగితాలు చూచినవాడను. సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను ఉన్నది. ఇట్టి బిడ్డను సాకే కేంద్రోద్యోగికి మామూలు బదిలీలనుండి మినహాయింపు ఇవ్వవచ్చునని 2014లో ఉత్తరువు వెలువడింది. "మా తర్వాత వీని గతి ఏమి?" అనే ప్రశ్నకు ఉద్యోగస్థునికి సగం జవాబైనా దొరికింది. నేతగానికి ఏది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం చేరింది. హెచ్చు సాయం అవసరమైనవారికి సంరక్షణ భత్యం మాట కూడా అందులో ఉన్నది. ఆ మాట కూలివాని గడపదాకా రావాలి. వాలాజా, గుడియాత్తం ప్రభుత్వాస్పత్రులలో నెలకొక దినమైనా ఈ తల్లిదండ్రులు నిపుణులనూ, ఒకరినొకరినీ కలుసుకొనే ఏర్పాటు అధికారులు చేయాలి.

ప్రభుత్వం చేయలేనిది మనం చేయవలసి ఉన్నది. అటువంటి ఇంటికి శుభలేఖ ఇచ్చేటప్పుడు "బిడ్డను కూడా తీసుకురండి" అని నోరార చెప్పాలి. మేళానికి దూరంగా ఒక గది చూపించాలి. వారానికొక సాయంకాలం బిడ్డ దగ్గర మనం కూర్చొని, ఆ తల్లిని రెండు గంటలు నిద్రపోనివ్వాలి. సలహా చెప్పడానికి అందరమూ ఉన్నాము. ఆ రెండు గంటలు కూర్చోవడానికే మనుషులు కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
కావేరిపాక్కం.