ప్రకటనల చాటున ప్రమాదం

నగర రహదారిపై వాహన చోదకుడి దృష్టి ఎదుటి మనిషిపైన, ట్రాఫిక్ గుర్తులపైన ఉండాలి. ఆ దృష్టిని మరలించడానికే మన కూడళ్లు పోటీ పడుతున్నాయి. సిగ్నల్ స్తంభాలను చుట్టుకున్న కేబుల్ తీగలు, వేగపరిమితి బోర్డులను కప్పేసిన కోచింగ్ కేంద్రాల ప్రకటనలు, విభాగినులపై నేతల జన్మదిన ఫ్లెక్సీలు! వీటి నడుమ రోడ్డు దాటే పాదచారి డ్రైవర్ కంట పడకపోవడంలో వింతేముంది? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైన 1,68,491 మందిలో దాదాపు అయిదో వంతు పాదచారులే.

చట్టం లేక ఈ దుస్థితి దాపురించలేదు. ట్రాఫిక్ గుర్తులకు అడ్డు వచ్చే, వాటిని పోలి తికమకపెట్టే, డ్రైవర్ ఏకాగ్రతను చెదరగొట్టే బోర్డులను తొలగించే అధికారాన్ని ఎస్పీ, ఆపై స్థాయి పోలీసు అధికారులకు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 116వ సెక్షన్ దఖలు పరచింది. ఢిల్లీలో ప్రమాదకరంగా ఉన్న హోర్డింగులను తొలగించాలని 1997 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. దశాబ్దం తిరిగేసరికి కొత్త ప్రకటనల విధానం వాటికి మళ్లీ దారి ఇచ్చింది. అనధికార బ్యానర్లపై మద్రాసు హైకోర్టు ఆంక్షలు అమలులో ఉండగానే, 2019 సెప్టెంబరులో చెన్నైలో విభాగినిపై కట్టిన పెళ్లి బ్యానరు మీదపడటంతో స్కూటరుపై వెళుతున్న 23 ఏళ్ల యువతి ట్యాంకరు కింద నలిగి మరణించింది.

నెదర్లాండ్స్‌లోని డ్రాక్టెన్ పట్టణంలో ట్రాఫిక్ ఇంజనీరు హాన్స్ మోండర్‌మాన్ ఒక ప్రధాన కూడలి నుంచి సిగ్నళ్లను సైతం తీసివేయించారు. ఆదేశించే దీపం లేనప్పుడు చోదకుడు ఎదుటివారిని గమనించి తానే వేగం తగ్గిస్తాడన్నది ఆయన విశ్వాసం. కాలిబాటలు కరవై, వేగానికి కళ్లెం లేని మన నగరాల్లో ఆ ప్రయోగాన్ని యథాతథంగా అనుకరించడం ప్రాణాలతో చెలగాటమే. అవసరమైన గుర్తులను నిలిపి, అవి స్పష్టంగా కనిపించేందుకు తక్కినవన్నీ తొలగించడమే మనకు తగిన మార్గం.

పురపాలక సంస్థలకు ప్రకటనల రుసుము అవసరమే కావచ్చు. కూడళ్లు, మలుపులు, విభాగినులను ఆ బేరం నుంచి పూర్తిగా మినహాయించడం కనీస ధర్మం. చిరువ్యాపారి బోర్డును క్షణాల్లో పీకేసే సిబ్బంది, అధికార పక్షం ఫ్లెక్సీ జోలికి వెళ్లడానికి జంకుతున్నారు. చట్టం అమలు ఆ ఫ్లెక్సీల నుంచే మొదలు కావాలి. తమ నిలువెత్తు బొమ్మలను ముందుగా తామే దింపించి, అధికారులకు ఆ ధైర్యం కల్పించవలసింది పాలకులే.