పోలో జీటీ సరే, గేర్‌బాక్స్ ఏది?

ప్లేస్‌మెంట్ రాగానే మన హాస్టల్లో సగం మంది ఓఎల్ఎక్స్‌లో వెతికేది పోలో జీటీ టీఎస్ఐనే. మన బడ్జెట్‌కి అందే హాట్ హ్యాచ్ అంటే అదే మరి. నాకూ పిచ్చే. కానీ రోజూ ఆఫీసుకు తిప్పడానికైతే 2013లో వచ్చిన 1.2 లీటర్ల జీటీ వద్దంటాను.

ఇంజన్ బంగారం. 105 పీఎస్, 175 ఎన్ఎం. చిక్కంతా ఏడు గేర్ల డీఎస్‌జీతోనే. దాని రెండు క్లచ్‌లూ డ్రై రకం, చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. సాయంత్రం గచ్చిబౌలిలో బండి అంగుళం అంగుళం పాకుతుంటే అవి జారుతూ వేడెక్కుతూనే ఉంటాయి. మెకట్రానిక్స్ యూనిట్ పోయిందా, ఇక జీతం దానికే!

2020 నుంచి వచ్చిన 1.0 టీఎస్ఐ చూడండి. 110 పీఎస్, టార్క్ అంతే, ఆరు గేర్ల మాన్యువల్. క్లచ్ తొక్కలేమంటే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంది. మూడు సిలిండర్లేనా అని ఫ్యాన్స్ మూతి తిప్పుతారు, తిప్పుకోనివ్వండి. 2022లో ఇక్కడ పోలో తయారీ ఆగిపోయింది కాబట్టి మంచి బండి కనిపిస్తే నాన్చకండి.

కాదు, డీఎస్‌జీనే కావాలంటారా? అమ్మేవాడు ఖాళీ ఓఆర్ఆర్ ఎక్కిస్తానంటే ఒప్పుకోవద్దు. ట్రాఫిక్‌లో అరగంట నడిపి, ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడు వణుకుతుందేమో చూడండి.