షాపింగ్‌కి పాతబస్తీ కావాలి, రిష్తాకి వద్దా?

మొన్న మా ఖాందాన్‌లో ఒక రిష్తా మాట వచ్చింది. అబ్బాయి డిగ్రీ చదివాడు. నమాజీ. సొంత దుకాణం ఉంది. జహేజ్ అడగడం లేదు. మాషాఅల్లాహ్, అన్నీ కుదిరాయని అందరం అనుకుంటుంటే అమ్మాయి ఖాలా అడిగింది, "ఇల్లెక్కడ?" అని. "షా అలీ బండ దగ్గర" అన్నారు. అంతే, మజ్లిస్ చల్లబడిపోయింది. "పాతబస్తీనా? వద్దులే బాబా" అన్నారు ఆవిడ. మిగతా వాళ్లు కూడా తలలూపారు.

పోయిన సంవత్సరం తన కూతురి షాదీ కోసం ఇదే ఖాలా రెండు రోజులు చార్మినార్ చుట్టూ తిరిగింది. ఖడా దుపట్టా పత్తర్‌గట్టీలో, లక్క గాజులు లాడ్ బజార్‌లో, ముత్యాలు గుల్జార్ హౌజ్ దగ్గర, షాదీ రుఖాలు ఛత్తా బజార్‌లో. దుల్హన్‌ని తల నుంచి కాళ్ల దాకా సింగారించింది పాతబస్తీయే. నల్లగొండ నుంచైనా, గుంటూరు నుంచైనా, కర్నూలు నుంచైనా మన తెలుగు ముస్లిం కుటుంబాలు షాదీ సామాను కోసం అక్కడికే పోతాయి. ఆ గాజులు చేసిన చేతికి మాత్రం పిల్లనివ్వరు. దీన్ని నేను మునాఫిఖత్ అంటాను. కోపం వస్తే రానివ్వండి.

మనకు పాతబస్తీ అంటే ఒకటే ముద్ద. "సున్నిత ప్రాంతం" అని పేపర్లు రాసీ రాసీ, మనం చదివీ చదివీ, అదే నిజమైపోయింది. కానీ అక్కడ మొహల్లా మొహల్లాకీ ఒక హునర్ ఉంది. లాడ్ బజార్ వెనక గల్లీల్లోకి వెళ్లి చూడండి. లక్కను నిప్పు మీద కరిగించి, పట్టీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి తగ్గకముందే ఒక్కో రాయినీ చేత్తో అద్దుతారు. చేయి కాలుతుంది, కళ్లు అలసిపోతాయి. ఈ గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కారీగర్‌కి వచ్చే మజ్దూరీ మాత్రం మనం చుడీదార్ కుట్టించుకోడానికి ఇచ్చే డబ్బుతో పోల్చినా తక్కువే.

ఛత్తా బజార్ సంగతి ఇంకో రకం. ఒకప్పుడు అక్కడ కాతిబ్‌లు కూర్చునేవాళ్లు. కలం చెక్కి, సియాహీలో ముంచి, నస్తలీఖ్‌లో పేర్లు రాస్తే అక్షరాలు ముత్యాల్లా జారేవి. ఉర్దూ అఖ్బార్లు కూడా చాలాకాలం కాతిబ్‌ల చేతిరాతతోనే అచ్చయ్యేవి. 1990లలో కంప్యూటర్ మీద ఉర్దూ వచ్చింది, కాతిబ్‌ల రోజీ పోయింది. ఇప్పుడు అక్కడ రుఖాలు దొరుకుతాయి, కాతిబ్ దొరకడం కష్టం. మన ఇళ్లలో రుఖా మీది ఉర్దూ చదవగలిగే పిల్లలు ఎందరున్నారో మనమే లెక్కపెట్టుకోవాలి.

ఈ బస్తీ మొదటినుంచీ ఇట్లా బదనామ్ కాలేదు. 1591లో చార్మినార్ కట్టి, దాని చుట్టూ ముహమ్మద్ కులీ కుతుబ్ షా షహర్ వేయించాడు. దారుల్ షిఫా అనే పేరే ఆ షహర్‌లో ఆసుపత్రి ఉండేదని చెబుతుంది. 1617లో పునాది పడ్డ మక్కా మస్జిద్ 1694లో, ఔరంగజేబు కాలంలో పూర్తయింది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. మనం నీడలో నడుస్తూ బట్టలు కొనే పత్తర్‌గట్టీ రాతి కమాన్లు ఆ బోర్డు కట్టించినవే. అంటే హుకూమత్ తలచుకుంటే పాతబస్తీలో కూడా మంచి పని చేయగలదని ఆ రాళ్లే గవాహీ చెబుతున్నాయి.

మరి తర్వాత ఏమైంది? 1948 పోలీస్ యాక్షన్‌తో నిజాం సర్కార్ పోయింది. దాన్ని నమ్ముకున్న నౌకర్లు, సిపాయిలు, మున్షీలు రోజీ లేకుండా మిగిలారు. సర్కారీ భాషగా ఉర్దూ పోయింది, ఉర్దూ చదువు మీద బతికినవాళ్లకు దర్వాజా మూసుకుంది. పైసలున్నవాళ్లు కొందరు పాకిస్తాన్ పోయారు, కొందరు మూసీ దాటి కొత్త షహర్‌కి పోయారు. దఫ్తర్లు, కంపెనీలు, పెద్ద కాలేజీలు ఎక్కువగా నదికి అవతలే వచ్చాయి. 1980లలో, 1990లో జరిగిన ఫసాదులు మిగిలిన భరోసాని కూడా తినేశాయి. మెట్రోనే తీసుకోండి. మొదటి ప్లాన్‌లోనే ఫలక్‌నుమా దాకా లైన్ ఉంది. 2020లో రైలు ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోయింది. పాతబస్తీలోకి పోవాల్సిన ఐదున్నర కిలోమీటర్లే మిగిలిపోయాయి. 2024 మార్చిలో గానీ దానికి పునాదిరాయి పడలేదు. ఇదంతా అక్కడి మనుషుల ఐబా? వాళ్లకు జరిగిన నాఇన్సాఫీనా?

ఐబులు లేవని నేను అనను. 2015 జనవరిలో గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా పిల్లల్ని పోలీసులు విడిపించారు. ఎక్కువమంది బిహార్ పిల్లలే. మన దుల్హన్ చేతికి మెరుపు తెచ్చిన గాజు వెనక ఒక మాసూమ్ బచ్పన్ కాలిపోయి ఉండొచ్చు. పదో తరగతి కాకముందే ఆడపిల్లల చదువు మాన్పించడం, అరబ్ షేఖులకిచ్చి నికాహ్ చేయడం, వడ్డీ అప్పులు, ఇవన్నీ ఉన్నాయి. వాటి మీద మాట్లాడాలి, కొట్లాడాలి. కానీ గరీబీకి పుట్టిన జబ్బుల్ని గరీబుల ఫిత్రత్ అనడం జుల్మ్. తౌలీచౌకీలో, మెహదీపట్నంలో, మన జిల్లాల్లో ఈ జబ్బులు లేవా?

"అమ్మాయి సుఖం చూసుకోవద్దా?" అని అడుగుతారు. తప్పకుండా చూడండి. ఇల్లు ఇరుకా, నీళ్లు వస్తాయా, అత్తగారి అఖ్లాఖ్ ఎట్లాంటిది, పిల్లని చదవనిస్తారా, అన్నీ అడగండి. అది అమ్మానాన్నల హఖ్. దీన్ మనకు రిష్తాలో చూడమన్నది కూడా దీనూ అఖ్లాఖే. కానీ పిన్‌కోడ్ వినగానే చాయ్ కప్పు కింద పెట్టేయకండి. ఇంకో మాట. మనల్ని ముస్లిములని తెలియగానే ఇల్లు కిరాయికి ఇవ్వనివాళ్ల మీద మనం ఎంత మండిపడతాం! పేరు విని దర్వాజా వేసేవాడికీ, మొహల్లా పేరు విని రిష్తా వదిలేసేవాడికీ ఫర్ఖ్ ఎంత?

ఈసారి షాదీ సామానుకి పోయినప్పుడు పిల్లల్ని వెంట తీసుకుపోండి. దుకాణంతో ఆగకుండా గాజు చేసే గల్లీ దాకా నడవండి. బేరం ఆడేటప్పుడు కారీగర్ మజ్దూరీ గుర్తుంచుకోండి. అక్కడ పనిచేసేది పిల్లాడైతే ఆ గాజు కొనకండి. రుఖా వేయిస్తే ఉర్దూ, తెలుగు రెండింట్లో వేయించి, రెండూ ఇంట్లో పిల్లలతో చదివించండి.

ఆ షా అలీ బండ రిష్తా సంగతి అడుగుతారేమో. మా వాళ్లు వద్దన్నారు. వచ్చే నెల అదే అమ్మాయికి ఇంకోచోట నికాహ్. గాజుల కోసం నిన్ననే లాడ్ బజార్ పోయొచ్చారు.