నీలం రంగొచ్చిందా... పని పాడైనట్టే!

పోయిన శనివారం నేను చేసిన వెల్డింగ్‌ని ఫొటో తీసి గొప్పగా వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నా. పది నిమిషాలు తిరక్కుండానే తీసేశా. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

నేనుండేది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లోలో. ఉక్కు మిల్లున్న ఊరు. మా వీధి చివర ఓ పెద్దాయన ఉన్నాడు. డెబ్భై దాటాయి. తుపాకులు బాగుచేయడం ఆయన వృత్తి. ఇక్కడికి దక్షిణాన ట్రినిడాడ్ అనే ఊరి కాలేజీలో 1947 నుంచీ ఆ పని నేర్పుతున్నారు. ఈయనా అక్కడే చదివాడట. నాకు వెల్డింగ్ వచ్చని తెలిసి, "శనివారం షెడ్డుకి రా, ఓ పనుంది" అన్నాడు.

నాకు ముందు భయమేసింది. నాలా ఉద్యోగం వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. ఆ మాటే అడిగితే ఆయన నవ్వాడు. "నువ్వు ముట్టుకునేది తుపాకీ కాదులే, ముక్క" అన్నాడు. నిజమే. ఇక్కడి చట్టం లెక్కలో తుపాకీ అంటే రిసీవర్, అంటే అన్ని భాగాలూ కూర్చుండే ఆ ఉక్కు దిమ్మ. బోల్టు విడిభాగం కిందే లెక్క.

తలుపు గడియే!

బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మీ ఇంటి తలుపు గడియ చూడండి చాలు. పిడి పైకెత్తి వెనక్కి లాగితే తెరుచుకుంటుంది. ముందుకి తోసి కిందికి తిప్పితే బిగుసుకుంటుంది. రైఫిల్లోనూ అంతే. బోల్టు ముందు భాగంలో రెండు లగ్గులుంటాయి. తిప్పగానే అవి గాడుల్లో పడి తూటా వెనక తాళం వేసినట్టు నిలబడతాయి.

ఆయన చేతిలో ఉన్నది పాత జర్మన్ మౌజర్. 1898లో జర్మనీ సైన్యం తీసుకున్న మోడల్. దాని బోల్టు పిడి పక్కకి కర్రలా తిన్నగా ఉంటుంది. పైకెత్తితే ఆకాశంకేసి నిలబడుతుంది. సైనికుడికి దాంతో ఇబ్బంది లేదు. కానీ ప్రపంచ యుద్ధాల తర్వాత ఇలాంటి రైఫిళ్ళు అమెరికాలో చవగ్గా దొరికాయి. జనం వాటిని వేటకి మార్చుకున్నారు. వేటంటే పైన టెలిస్కోప్ బిగించాలి. బిగిస్తే పిడి వెళ్ళి దానికే కొట్టుకుంటుంది. అందుకని పాత పిడి కోసేసి, కిందికి వంగిన కొత్త పిడి వెల్డ్ చేస్తారు.

ఈ రైఫిల్ ఆయన మనవరాలికి. ఈ సీజన్లో మొదటిసారి జింకల వేటకి వెళ్తోందట.

చేప పొలుసుల్లా వచ్చింది, కానీ...

ముందు పనికిరాని పాత బోల్టొకటి ఇచ్చి "దీనిమీద చెయ్యి చూసుకో" అన్నాడు. టిగ్ మెషీన్ ఆన్ చేశా. నిజం చెప్పొద్దూ, అదిరిపోయింది. వెల్డింగ్ గీత చేప పొలుసుల్లా వరసగా వచ్చింది. స్టేటస్ పెట్టింది అదే.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వెల్డింగ్ వైపు అసలు చూడలేదు. బోల్టు తిప్పి వెనక భాగం చూశాడు. అక్కడ కామ్ అని ఓ వాలు గాడి ఉంటుంది. పిడి ఎత్తినప్పుడు లోపలి స్ప్రింగుని నొక్కిపెట్టేది అదే. ఆ గాడి పక్కన నెమలి కంఠంలా నీలం రంగు.

"అందంగా ఉంది. చెత్తబుట్టలో వెయ్యి" అన్నాడు.

విషయం ఏంటంటే, ఆ పాత బోల్టు ఉక్కు గారెలాంటిది. పైపొర గట్టి, లోపల మెత్తన. ఆ పైపొరని వేడి చేసి, చల్లార్చి తయారుచేస్తారు. మళ్ళీ ఎక్కువ వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది. ఎంత వేడి తగిలిందో ఉక్కే రంగుతో చెప్పేస్తుంది. 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు. 300 దగ్గర నీలం. నీలం వచ్చిన కామ్ మెత్తబడుతుంది. వాడేకొద్దీ అరిగి, పిడి ఎత్తడం కష్టమవుతుంది.

అదే వేడి ముందున్న లగ్గుల దాకా పోతే? కారు టైర్లో గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ ఉంటుంది. ఇలాంటి రైఫిల్లో తూటా పేలినప్పుడు 50 వేల పీఎస్‌ఐ దాటుతుంది. ఆ ఒత్తిడిని ఆపేది ఆ లగ్గులే. అవి మెత్తబడితే కొద్దికొద్దిగా వెనక్కి అణుగుతాయి. వెనక ఎవరుంటారు? కాల్చే మనిషి మొహం. ఇక్కడైతే ఓ అమ్మాయి మొహం.

"రంగు గీకేసి పాలిష్ కొడితే ఎవరికీ తెలీదు. అదే దీంతో వచ్చిన గొడవ" అన్నాడు పెద్దాయన.

ఆ మాటకి నాకు అనకాపల్లి గుర్తొచ్చింది.

మా మావయ్యకి అక్కడ గేట్లు, గ్రిల్స్ చేసే షాపుంది. ఇంటర్ సెలవుల్లో నేను ఓ ఉయ్యాల కొక్కేనికి వెల్డింగ్ కొట్టా. పైకి బాగానే కనిపించింది. లోపలికి మాత్రం దిగలేదు. గ్రైండర్ పట్టి, రెడాక్సైడ్ కొట్టి పంపేశాం. మూడు నెలలకి కొక్కెం ఊడింది. ఆ ఇంటి పాపకి చెయ్యి విరిగింది. హాస్పిటల్ ఖర్చంతా మావయ్యే పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఊడిన కొక్కేన్ని తెచ్చి షాపు గోడకి మేకు కొట్టి తగిలించాడు. అంతే.

అసలు పని

మనవరాలి బోల్టు ఆయనే చేశాడు. నేను పక్కన కాపలా.

ముందు పాత పిడి కోసి, మొండెం అంచునీ కొత్త పిడి అంచునీ ఏటవాలుగా అరగదీశాడు, లోహం లోపలి దాకా దిగడానికి. బోల్టు వెనకున్న మరల్లోకి లావుపాటి లోహపు దిమ్మ బిగించాడు. ముందు లగ్గులకి ఇంకో దిమ్మ. వేడిని అవి లాగేసుకుంటాయి. మధ్యలో తడిగుడ్డ చుట్టాడు. ఫలానా వేడి దగ్గర కరిగే సుద్దలాంటి క్రేయాన్‌తో అక్కడక్కడా గీతలు గీశాడు. కోణం తప్పకుండా పిడిని జిగ్గులో పెట్టాడు.

"నేను వెల్డింగ్ చూస్తా. నువ్వు వెల్డింగ్ తప్ప మిగతాదంతా చూడు" అన్నాడు.

రెండు చుక్కలు అంటించి ఆపాడు. కోణం చూశాడు. కొంచెం కొట్టాడు, చల్లారనిచ్చాడు. మళ్ళీ కొంచెం. నాలుగోసారి తడిగుడ్డ అంచు ఆరిపోవడం కనిపించింది. క్రేయాన్ గీత ఇంకా కరగలేదు. చెప్పాలా, వద్దా? ఆయనకి యాభై ఏళ్ళ అనుభవం, నేనెవర్ని? ఒక్క సెకను తటపటాయించి "ఆపండి" అని అరిచా. వెంటనే ఆపేశాడు. గుడ్డ తడిపి, కాఫీ తాగి, పావుగంట తర్వాత మళ్ళీ మొదలెట్టాం.

తర్వాత ఆకురాయి పని. రెండు గంటలు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియలేదు. ఆపైన ఆయన ఒక్కడే చేసుకున్న పనులు నేను దూరం నుంచి చూశా. పిడి కూర్చునేందుకు చెక్కలో గాడి తీశాడు. తర్వాత గేజులతో పరీక్ష. 'గో' గేజు మీద బోల్టు మూసుకోవాలి, 'నో-గో' మీద మూసుకోకూడదు. అలాగే అయింది. మర్నాడు రేంజ్‌లో తుపాకీని స్టాండుకి కట్టి, ట్రిగ్గర్‌కి పొడవాటి తాడు కట్టి, దూరం నుంచి లాగి కాల్చాడు. తన చేతి పని మీద ఆయనకున్న నమ్మకం అంత వరకే!

అన్నట్టు, ఇది చదివి ఎవరూ ప్రయోగాలు చేయకండి. మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ బాగుచేయాలన్నా లైసెన్సుండాలి.

శనివారం రాత్రి మావయ్య ఫోన్ చేశాడు. స్టేటస్ తీసేసేలోపు చూసేశాడట. బాగుందంటాడేమో అనుకున్నా.

"ఒరేయ్, ఆ పక్కన నీలం ఎందుకొచ్చిందిరా?" అన్నాడు.

ఆ బోల్టు చెత్తబుట్టలో వేయలేదు. ఇప్పుడు నా టేబుల్ ఎదురుగా, గోడకి మేకు కొట్టి తగిలించుకున్నా.