పచ్చికపై మందు చల్లుటకు ముందు మోకాలు వంచి చూడుడు

కంది చేనిలో ఒక మొక్క వాడినయెడల తాండూరు రైతు ఏమి చేయునో మీకు నేను చెప్పవలసిన పని లేదు. మొక్కను పెరికి, మొదలు వద్ద కాండమును కొడవలి మొనతో చీల్చి చూచును. లోపల నల్లని చారలు కనిపించిన ఎండు తెగులు అని తెలిసికొనును. అది నేలలో ఉండు శిలీంద్రము గనుక ఆ మొక్కకు ఇక మందు లేదని, వచ్చే ఏడు ఆ చెలకలో జొన్న వేయవలెనని అనుకొనును. మొక్క వాడక, ఆకులు చిన్నవై, వెలవెలబోయి, పూత లేక గుబురుగా పెరిగినయెడల అది వెర్రి తెగులు. దానిని మోయునది కంటికి కనబడని నల్లి. దానికి శిలీంద్రపు మందు చల్లిన డబ్బు దండుగ. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది వెనుక ఇట్టి చూపు గల రైతులు తరతరాలుగా ఉన్నారు.

అదే రైతు తన కొత్త ఇంటి ముందరి పచ్చిక పసుపు బారినపుడు ఏమి చేయుచున్నాడు? ఫోనులో ఒక బొమ్మ తీసి మందుల దుకాణమునకు పోవుచున్నాడు. దుకాణదారు ఒక శిలీంద్రపు మందు, ఒక పురుగు మందు, ఒక కలుపు మందు కట్టి ఇచ్చుచున్నాడు. మూడును ఒకే పంపులో కలిపి కొట్టుటయు నేను చూచినాను. నాకు అభ్యంతరము ఇక్కడనే. కందికి ఇచ్చిన గౌరవము గడ్డికి ఎందుకు ఇవ్వరాదు?

వ్యవసాయ పత్రికలో ఇంటి పచ్చిక ముచ్చట ఏమిటని కొందరు నవ్వవచ్చును. వికారాబాదు చుట్టును, అనంతగిరి గుట్టల దిగువను తోట ఇండ్లు లేచినవి. తాండూరులో ఇండ్ల ముందర, పల్లెలలో పాఠశాలల ముందర, పంచాయతీ కార్యాలయముల ముందర, రైతు వేదికల ముందర పచ్చిక పరచుచున్నారు. దానిని పరచునది, కోయునది, దానికి మందు కొట్టునది మన ఊరివారే. ఆ మందు గాలికి లేచి పడునది మన చేల మీదనే. ఈ కడపటి మాట కొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. దానికి తరువాత వచ్చెదను.

మొదట మీ గడ్డి ఏదో తెలిసికొనుడు. మన సీమలో పచ్చికకు వాడునవి వెచ్చని కాలపు గడ్డి జాతులు. వీటిలో ముఖ్యమైనది మన గరికయే. వినాయక చవితి నాడు దేవునికి పెట్టి, మరునాడు చేనిలో తిట్టుకొనుచు త్రవ్వి పారవేయు ఆ గరికనే ప్రపంచమంతయు బెర్ముడా గడ్డి అను పేర పెంచుచున్నది. అమెరికాలో జార్జియా రాష్ట్రమందలి టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు గరికను ఆఫ్రికా జాతి గరికతో సంకరపరచి కొన్ని రకములు తయారుచేసెను. 1960లో విడుదలయిన టిఫ్‌వే అట్టిది. ఆ సంకరపు గడ్డికి విత్తనము కట్టదు గనుక తీగ ముక్కలు నాటియే పెంచవలెను. దాని విత్తనమని ఎవరైన అమ్మిన కొనకుడు. రెండవది నర్సరీలలో కొరియన్ గడ్డి అని అమ్మునది. ఇది మెత్తని తివాచీ వలె ఉండును గాని మెల్లగా సాగును. నీడకు వెడల్పాకు బఫెలో గడ్డి తగును.

ఈ గడ్డులన్నియు ఎండను, వేడిని కోరును. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి చలికి ఎదుగుదల నిలిచి రంగు మందగించును. అది తెగులు కాదు. వేపచెట్టు క్రింద గరిక పలుచబడి నేల బయటపడుటయు తెగులు కాదు. గరిక నీడలో బ్రతకదు, అంతే. అక్కడ బఫెలో గడ్డి నాటుడు, లేదా చెట్టు క్రింద నాలుగు తాండూరు బండలు పరచి కూర్చుండుడు. మందు కంటె అది మేలు.

ఇక పసుపు రంగు సంగతి. వికారాబాదు పచ్చిక, తాండూరు పచ్చిక రెండును పసుపు బారవచ్చును, కాని కారణము ఒకటి కాకపోవచ్చును. అనంతగిరి చుట్టు పక్కలది ఎర్రని లేటరైటు నేల. ఇనుమునకు కొదువ లేదు, నత్రజని మాత్రము వానకు కొట్టుకొని పోవును. తాండూరు నేల క్రింద ఉన్నది సున్నపురాయి. అచ్చట కొన్ని ఇండ్లలో బండల పాలిషు బురద ఎండిన పొడినే పునాదిగా పోసి, దాని మీద నాలుగంగుళముల మట్టి పరచి, గడ్డి వేసినారు. అట్టి నేలలో ఇనుము ఉన్నను వేరుకు అందదు.

రెంటిని వేరుచేయుట సులభము. ఒక తీగను తెంపి అరచేతిలో పెట్టుకొని చూడుడు. క్రింది ముదురు ఆకులు ముందుగా, ఆకంతయు ఒకే తీరున పసుపు బారిన నత్రజని లోపము. కొనలోని లేత ఆకులు ముందుగా వెలవెలబోయి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలిచిన ఇనుము లోపము. అనుమానము తీరనిచో గుప్పెడు మట్టి మీద కొంచెము వెనిగరు పోయుడు. బుసబుస బుడగలు వచ్చిన సున్నము మిక్కుటముగా ఉన్నదన్న మాట. అప్పుడు లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఒక గజము మేర మాత్రమే చల్లి వారము రోజులు ఆగుడు. ఆ గజము పచ్చబడినచో మిగిలిన దానికి చల్లుడు. బండల మీద పడనీయకుడు, తుప్పు మరకలు పోవు. నత్రజని లోపమునకు 100 చదరపు మీటర్లకు ఒక కిలో యూరియా, ఆకు పొడిగా ఉన్నపుడు సమముగా చల్లి వెంటనే నీరు పెట్టవలెను. తాండూరు పసుపునకు యూరియా ఎంత పోసినను ఆకు పెరుగునే గాని రంగు రాదు.

గుండ్రని మచ్చలు అంతకంటె మోసకారివి. ఇచ్చట ఊహతో పని జరుగదు, మోకాలు వంచవలసినదే. తెల్లవారు జామున మంచు ఆరకమునుపే పోవుడు. రూపాయి బిళ్ల మొదలు అరచేయి వరకు గల చిన్న చిన్న ఎండు మచ్చలు, వాటిపై సాలెగూడు వంటి తెల్లని నూలు, ఆకు మీద గోధుమరంగు అంచు గల గడ్డిరంగు పట్టీ ఉన్నచో అది డాలరు మచ్చ తెగులు. పోషణ చాలని పచ్చికకు ఇది వచ్చును. కొంచెము నత్రజని వేసి, సాయంత్రపు తడి మానిపించిన చాలాసార్లు మందు లేకయే కోలుకొనును. అడుగు, రెండడుగులు, అంతకు మించిన వెడల్పు గల మచ్చలు, వానలు వెనుకపడి చలి మొదలగు వేళ కొరియన్ గడ్డిలో లేచి, ఆకును పట్టి లాగగా మొదటి వద్ద కుళ్లి ఊడి వచ్చిన అది రైజోక్టోనియా తెగులు. దీనికి యూరియా వేసితిరా, అగ్గిలో నెయ్యి పోసినట్లే. చూచితిరా, రెండును గుండ్రని మచ్చలే. ఒకదానికి మేలు చేయు ఎరువు రెండవదానికి కీడు. దుకాణములో ఫోను బొమ్మ చూచి ఏది యేదో ఎవరు చెప్పగలరు?

ఆకు కాక, గడ్డి చాపయే చుట్టుకొని చేతికి వచ్చినయెడల తెగులు కాదు, క్రింద వేరు పురుగు ఉన్నది. కొడవలి వలె వంగిన తెల్లని పురుగులు కనబడును. మైనాలు, కాకులు ఆ చోటనే పొడుచుచుండుట గమనించుడు, అవి మన కంటె ముందే రోగము కనిపెట్టును. మధ్య మాడి, చుట్టును ముదురు పచ్చని వలయము ఉన్న చిన్న మచ్చ కుక్క మూత్రముది. పచ్చిక అంతటను ఆకు కొనలు చినిగి తెల్లబడిన కోత యంత్రపు కత్తి మొండిబారినది. బూట్లకు నారింజ పొడి అంటిన త్రుప్పు తెగులు. వీటిలో సగమునకు మందు సీసా అక్కర లేదని మీరే గ్రహింతురు. కత్తికి సాన పట్టించుటకు ఏ దుకాణదారు సలహా ఇచ్చును?

కలుపు విషయమున మన రైతులకు నేను పాఠము చెప్పబోను. గడ్డిచామంతి, రెడ్డివారి నానుబాలు, పులిచింత, అటుకుమామిడి మీ కండ్లకు చిన్ననాటి నుండి పరిచయమే. పచ్చిక పలుచనయిన చోటనే, నేల గట్టిపడిన చోటనే అవి దిగును. వాన పడిన మరునాడు ఇద్దరు కూలీలు దోకుడు పారతో కూర్చున్న ఐదు గుంటల పచ్చిక శుభ్రమగును. తుంగ మాత్రము వేరు జాతి. అది గడ్డి కాదు. కాడను వ్రేళ్ల నడుమ త్రిప్పి చూచిన మూడు పలకలు తగులును. నేలలో గడ్డలు గొలుసు వలె ఉండును. పైకాడను పీకిన నిద్రించు గడ్డలు మేల్కొని ఒకటికి మూడు లేచును. చెరకులో తుంగకు వాడు హాలోసల్ఫ్యూరాన్ మందును అమెరికాలో పచ్చికపైనను వాడుదురు. ఇచ్చట మీరు కొను డబ్బాపై ఏ పంట పేరు ముద్రించి ఉన్నదో ముందు చదువుడు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము ననుసరించి ఆ కాగితము పై మాటయే ఆజ్ఞ. గ్లైఫోసేట్ తుంగను చంపును గాని గరికను, కొరియన్ గడ్డిని కూడ చంపును. దాని వాడుకపై 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆంక్ష విధించినది.

ఇప్పుడు నేను ముందు చెప్పిన మాట. ఒక ఏటి ఆగస్టులో వికారాబాదుకు సమీపమున ఒక రైతు నన్ను తన పత్తి చేనికి పిలుచుకొని పోయెను. “సారూ, ఏదో వైరసు పట్టింది, రెండుసార్లు మందు కొట్టిన, పోలేదు” అని వాపోయెను. కొనల ఆకులు సన్నబడి, బెండాకు వలె చీలి, ఈనెలు దగ్గర పడి మెలి తిరిగి ఉన్నవి. పాత ఆకులు మాత్రము చక్కగా ఉన్నవి. వరుస వెంట నడిచితిమి. తూర్పు కొసన ఒక్క మొక్కకును ఏమి లేదు. పడమటి గోడ దగ్గరకు పోవుచున్న కొలది మెలి హెచ్చినది. వైరసు గోడను చూచి రాదు గదా! గోడ అవతల ఒక తోట ఇంటి పచ్చిక. గడ్డిచామంతి పోవుటకు పది రోజుల క్రిందట 2,4-డి కొట్టించినారు. పచ్చికలో చామంతి చచ్చినది, యజమాని సంతోషించెను. ఇవతల మూడెకరముల పత్తిలో నాలుగు వారముల ఎదుగుదల పోయినది. యజమానికి చెడ్డ ఉద్దేశము లేదు, పత్తికి ఆ మందు పడదని ఆయనకు ఎవరును చెప్పలేదు. కొట్టినవాడు ఆ ఊరివాడే. మరునాడు అదే పంపుతో తన టమాటకు పురుగు మందు కొట్టుకొని, అదియు పోగొట్టుకొనెను.

2,4-డి వెడల్పాకు మొక్కలను చంపును, గడ్డిని వదలును. అందుకే పచ్చిక వారికి అది ముద్దు. కాని పత్తి, కంది, టమాట, ద్రాక్ష అన్నియు వెడల్పాకువే. అందులో పత్తి మిక్కిలి సున్నితము, పంపు అడుగున మిగిలిన తడి చాలును. ఈస్టరు రూపములో ఉన్న మందు ఎండ వేడికి ఆవిరియై, గాలి లేని నాడు కూడ ప్రక్క చేనికి పోగలదు. నా అభిప్రాయము సూటిగా చెప్పుచున్నాను. జూన్ మొదలు జనవరి వరకు, పత్తియు కందియు నేల మీద ఉన్నంత కాలము, మన జిల్లాలో చేల ప్రక్క పచ్చికలపై 2,4-డి కొట్టరాదు. ఐదు గుంటల అందమునకు మూడెకరముల పంటను పణము పెట్టుట న్యాయము కాదు. ఒక మందే పచ్చికకు తప్పనిసరి అనుకొనువారు పంటలు లేని నెలలలో, గాలి ఆగిన ఉదయమున, కలుపు మందునకే కేటాయించిన వేరు పంపుతో చేసికొనవచ్చును. ఆ పంపును ఎంత కడిగినను పంట మందునకు వాడరాదు.

సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు ఒక మనవి. ప్రభుత్వ భవనముల ముందరి పచ్చికకు మందు బిల్లు వచ్చినపుడు, “ఏ రోగము, ఎవరు చూచిరి?” అని ఒక్క ప్రశ్న వేసి ఆ తరువాత సంతకము చేయుడు. రోగము తెలియనిచో మచ్చ అంచున, సగము మంచి గడ్డి, సగము చెడిన గడ్డి వచ్చునట్లు, జానెడు చాపను మూడంగుళముల మట్టితో కోసి, పాత పత్రికలో చుట్టి మండల వ్యవసాయాధికారి వద్దకు గాని తాండూరు వ్యవసాయ పరిశోధనా స్థానమునకు గాని పంపుడు. పూర్తిగా చచ్చిన మధ్య భాగమును పంపకుడు, అందులో చూచుటకు ఏమియు మిగులదు. పొరుగు చేను మెలి తిరిగినదని ఫిర్యాదు వచ్చిన, ఏ దిక్కున హెచ్చు, ఏ దిక్కున తక్కువ అనునది ఆనాడే కాగితముపై గీసికొనుడు. నెల గడచిన కొత్త ఆకులు వచ్చి సాక్ష్యము మాసిపోవును.

కొత్తగా పచ్చిక వేయదలచిన వారు ఏప్రిల్‌లోనే నేలకు ఒక తడి ఇచ్చి, తుంగ మొలవగానే అడుగు లోతు త్రవ్వి, గడ్డలను రెండు వారములు ఎండకు వదలి, ఏరి తగులబెట్టుడు. మరల ఒకసారి అట్లే చేయుడు. ట్రాక్టరు ఎర్రమట్టిని, చెరువు మట్టిని, పెంటను తెచ్చినపుడు వెంటనే దింపించుకొనకుడు. ట్రాలీలోనికి పార దింపి నాలుగు చోట్ల తిరుగవేసి చూచి, వేరుశనగ గింజంత నల్లని గడ్డలు కనబడినచో ట్రాలీని వెనుకకు పంపి, తరువాత బాడుగ లెక్క మాటలాడుడు.