గునపము పట్టకమునుపు

తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వెళ్లిన మీ బిడ్డ, ఆర్ట్సు కళాశాల యెదుట నిలిచి ఫొటో తీసికొనక ఇల్లు చేరడు. మంచిదే. ఆ రాతి మేడ 1939లో ప్రారంభమైనది. అదే యేట జనవరి 6న మన డోర్నకల్ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. అజరయ్య బిషప్పుగారు హిందూ మండప స్తంభములను, మసీదు గుమ్మటములను అందులో క్రీస్తు సేవకు తెచ్చిరి. దాని ఫొటో మీ యింట నున్నదా? పోనీ, మీ తాతలు బాప్తిస్మము పొందిన ఊరి గుడి ఫొటో?

లేదు. పైగా దానిని పడగొట్టి స్లాబు వేయుటకు చందాలెత్తుచున్నాము! దేవుడు రాతిలో నుండడు, సంఘమే దేవాలయమందురు. నిజమే. అయితే యెహోషువ గిల్గాలులో 12 రాళ్లు ఎందుకు నిలిపెను? పిల్లలు అడుగుదురనియే గదా! 1924లో ప్రతిష్ఠితమైన మెదకు గుడి రాళ్లు, కరవులో కూలి దొరికి బ్రదికినవారి సాక్ష్యము. రాయి పోయినచో అడుగు బిడ్డయు లేడు, చెప్పు తండ్రియు లేడు.

చోటు చాలనిచో ప్రక్కన కట్టుడి. కప్పు కారినచో కప్పు బాగుచేయుడి. తప్పనిసరియైనచో, ముందుగా నాలుగు దిక్కులను, లోపలను, శంకుస్థాపన రాతిని అక్షరములు తెలియునట్లు ఫొటోలు తీయుడి. వెనుక తేదీయు, పెద్దల పేర్లును వ్రాసి సంఘపు రిజిస్టరులో నుంచుడి. ఫోను మీ జేబులోనే యున్నది. గునపము పట్టకమునుపు దానిని పట్టుడి.